చక్రాల మీద నాట్యం

మంచు మీద గిరగిరా తిరిగే అమ్మాయిలను టీవీలో చూసి "మనకెక్కడ కుదురుతుందిలే!" అనుకుంటాం కదూ? మంచు లేకపోతేనేం, చక్రాలున్నాయిగా! మన పర్చూరుకు మరీ దూరం కాని మంగళగిరి అమ్మాయి జెస్సీ రాజ్, రోలర్ స్కేటింగులో రాణించి 2024 డిసెంబరు 26న రాష్ట్రపతి చేతుల మీదుగా ప్రధానమంత్రి రాష్ట్రీయ బాల పురస్కారం అందుకుంది. అప్పటికి పధ్నాలుగేళ్లే!

ఇది పరుగు పందెం కాదండోయ్. పాటకు తగ్గట్టు ఎగరాలి, ఒంటికాలి మీద తిరగాలి, దిగేటప్పుడు తూలకూడదు. హైదరాబాదు కుర్రాడు అనూప్ కుమార్ యామా 2010 గ్వాంగ్జౌ ఆసియా క్రీడల్లో ఇందులోనే రెండు కాంస్యాలు తెచ్చాడు. ఒకటి ఒంటరిగా, మరొకటి అవనీ పంచాల్‌తో జంటగా. 2015లో అర్జున అవార్డూ వచ్చింది.

"ఆడపిల్లకి దెబ్బలు తగిలితే ఎలా?" అని ఇంట్లో పెద్దవాళ్లు సణుగుతారు. పడటం తప్పదు మరి! అందుకే ముందు హెల్మెట్, మోకాళ్లకూ మోచేతులకూ ప్యాడ్లూ కొనండి, స్కేట్లు తర్వాత. ఎదిగే కాలు కదా అని రెండు సైజులు పెద్ద బూట్లు మాత్రం తీసుకోకండి. లోపల మడమ కదిలితే చీలమండ మెలిపడుతుంది.