వేరు కంచం



టి.బి. అంటే ఏమిటి, మందులు ఎన్నాళ్ళు వాడాలి అన్న సంగతులు ఓ.పి.లో మేము రోజూ చెప్పేవే. జబ్బు తేలిన రోజు సాయంత్రం రోగి ఇంటికి వెళ్ళాక అక్కడ ఏం జరుగుతుందన్నది మాత్రం ఆ రద్దీలో మాట్లాడుకోవడానికి వీలుపడదు. అందుకని ఇక్కడ రాస్తున్నాము.

చాలా ఇళ్ళలో మొదట జరిగే పని ఒకటే. రోగి కంచం, గ్లాసు వేరు చేస్తారు. మర్నాటి నుంచి అన్నం గుమ్మం దగ్గర పెట్టి వెళ్తారు. రోగి ఆ ఇంటి కోడలైతే వారం తిరక్కుండా పుట్టింటికి ఫోన్ వెళ్తుంది: "మీ అమ్మాయిని తీసుకువెళ్ళండి, నయమయ్యాక చూద్దాం." అదే జబ్బు కొడుకుకు వస్తే అతణ్ణి అత్తవారింటికి పంపడం మేము ఎన్నడూ చూడలేదు.

ఇలా చేసేవారు చెడ్డవారు కారు. ఆదివారం ఆరాధన మానరు, రాత్రి కుటుంబ ప్రార్థన చేసుకుంటారు, గోడమీద వాక్యాల క్యాలెండరు ఉంటుంది. భయం వల్ల చేస్తారు. ఆ భయంలో కొంత నిజముంది, ఎక్కువ భాగం అపోహ. ఏది నిజమో తెలిస్తే ఇంట్లో ఒకరితో ఒకరు ఎలా ఉండాలో కూడా తెలుస్తుంది.

టి.బి. క్రిమి గాలి ద్వారా వస్తుంది. ఊపిరితిత్తుల టి.బి. ఉన్న మనిషి మందులు మొదలుపెట్టక ముందు దగ్గినా, తుమ్మినా, గట్టిగా మాట్లాడినా, పాట పాడినా కంటికి కనబడని తుంపరలు గాలిలోకి వెళ్తాయి. గాలి ఆడని గదిలో అవి చాలాసేపు ఉంటాయి. వాటిని పీల్చినవారికి క్రిమి సోకవచ్చు. సోకిన వారందరికీ జబ్బు రాదు. ఎక్కువమందిలో అది నిద్రపోయినట్టు ఉండిపోతుంది.

కంచం వల్ల టి.బి. రాదు. గ్లాసు వల్ల, దుప్పటి వల్ల, చెయ్యి పట్టుకోవడం వల్ల, పక్కన కూర్చుని భోజనం చేయడం వల్ల రాదు. మెడ దగ్గర గడ్డలకు, వెన్నెముకకు, కడుపులో, గర్భసంచిలో వచ్చిన టి.బి., ఊపిరితిత్తుల్లో లేకపోతే, ఒకరి నుంచి ఒకరికి అంటుకోదు. మెడలో గడ్డ వచ్చిన ఆడపిల్లకు కూడా కంచం వేరు చేసే ఇళ్ళున్నాయి.

మరి జాగ్రత్త అక్కరలేదా అంటే, ఉంది. అది కంచం దగ్గర కాదు, కిటికీ దగ్గర. సరైన మందులు మొదలుపెట్టాక, మామూలు మందులకు లొంగే టి.బి. అయితే, సాధారణంగా రెండు వారాల్లో అంటించే గుణం బాగా తగ్గిపోతుంది. అంతవరకు రోగి మాస్కు కట్టుకోవాలి, లేదా దగ్గేటప్పుడు నోటికి గుడ్డ అడ్డం పెట్టుకోవాలి. గాలి వచ్చే గదిలోనో వసారాలోనో విడిగా పడుకోవాలి. కిటికీలు, తలుపులు తెరిచి ఉంచాలి. గళ్ళ ఎక్కడబడితే అక్కడ ఉమ్మకుండా మూత ఉన్న డబ్బాలో వేయాలి. పసిబిడ్డ తల్లి అయితే పాలు మాన్పించవద్దు. మాస్కు కట్టుకుని ఇవ్వవచ్చు. బిడ్డకు ముందు జాగ్రత్తగా ఇచ్చే మందు సంగతి డాక్టరుగారు చెప్తారు.

ఇంట్లోనే ఉంచితే మిగతావారికి వస్తుందేమోనని అడిగేవారికి ఒక పాత సంగతి చెప్తాము. మందులు లేని కాలంలో టి.బి.కి విశ్రాంతి, మంచి ఆహారం, మంచి గాలి తప్ప వేరే దారి లేదు. మిషనరీ సంఘాలు కలిసి 1915లో మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో శానిటోరియం పెట్టింది అందుకే. డెన్మార్కు నుంచి వచ్చిన డాక్టర్ ఫ్రిమోట్ మొల్లర్ దానికి పునాది వేశారు. రోగి నెలల తరబడి ఇల్లు విడిచి అక్కడ ఉండేవాడు. తరువాత మందులు వచ్చాయి. 1956లో మద్రాసులో ఒక పరిశోధన మొదలైంది. నగరంలోని బీద కుటుంబాల రోగులను రెండు భాగాలుగా చేశారు. సగంమందిని శానిటోరియంలో చేర్చారు, సగంమందిని ఇరుకు ఇళ్ళలోనే ఉంచారు. అందరికీ ఒకే మందులు ఇచ్చారు. 1959లో ఫలితాలు వచ్చాయి. ఇంట్లో ఉన్నవారికి కూడా శానిటోరియంలో ఉన్నవారితో సమానంగా నయమైంది. ఇంట్లో రోగి ఉన్నందువల్ల కుటుంబంలోని వారికి జబ్బు ఎక్కువ కాలేదు. ప్రపంచమంతటా టి.బి. రోగులకు ఇంటి దగ్గరే వైద్యం చేయడానికి దారి చూపించింది మన పక్కన ఉన్న ఈ మద్రాసే. కనుక మందులు సరిగా వేసుకుంటున్న కోడలిని పుట్టింటికి పంపమని వైద్యశాస్త్రం ఎక్కడా చెప్పలేదు. అది మన మాటే.

మార్కు సువార్త మొదటి అధ్యాయంలో రెండు స్వస్థతలు దగ్గర దగ్గరగా ఉన్నాయి. ఒకటి పేతురు అత్తగారిది. ప్రభువు ఆ ఇంటిలోనికి వెళ్ళి, జ్వరంతో పడుకున్న ఆమె చెయ్యి పట్టుకుని లేపాడు. రెండవది కుష్ఠరోగిది. మాటతో బాగుచేయగలవాడు ఆయన. అయినా అందరూ దూరంగా నిలిచిన ఆ మనిషిని చెయ్యి చాపి ముట్టుకున్నాడు. ఈ భాగం మీద ప్రసంగాలు మనం ఎన్నో విన్నాము. మన ఇంట్లో వసారాలో ఒక్కరే కూర్చుని తింటున్న మనిషిని చూసినప్పుడు అది గుర్తు రావడం కష్టం.

పెళ్ళినాడు పాస్టరుగారి ముందు, సంఘం ముందు, జబ్బులోనైనా విడిచిపెట్టనని ఇద్దరూ మాట ఇస్తారు. ఆ రోజు ఇద్దరూ ఆరోగ్యంగా ఉంటారు గనుక ఆ మాట సులువుగా వస్తుంది. భర్తకు జబ్బు చేస్తే భార్యలు ఆ మాట నిలబెట్టుకోవడం మేము వార్డులో రోజూ చూస్తాము. మంచం కింద చాప వేసుకుని పడుకుంటారు. భార్యకు జబ్బు చేసినప్పుడు మంచం పక్కన ఎక్కువగా ఆమె తల్లి ఉంటుంది. భార్యకు అన్నం కలిపి తినిపించే భర్తలూ ఉన్నారు. వారు ఏ మతస్థులో చూసి మేము చెప్పలేము. రాని భర్తలు ఏ మతస్థులో కూడా చెప్పలేము. మాకు బాధ కలిగించేది ఈ రెండవ సంగతే.

దంపతులు తెలుసుకోవలసిన సంగతులు రెండున్నాయి. భార్యాభర్తల కలయిక వల్ల టి.బి. అంటదు. మొదటి రెండు వారాలు ఊపిరి తగిలేంత దగ్గరగా ఉండకపోవడం మంచిది, అంతే. ఇక టి.బి. మందుల్లో ఉండే రిఫాంపిసిన్ గర్భనిరోధక మాత్రల పనిని తగ్గిస్తుంది. ఆ మాత్రలు వాడుతున్నవారు సిస్టరుకు తప్పక చెప్పి వేరే పద్ధతి అడగాలి. ఇది భార్య ఒక్కర్తే మోయవలసిన భారం కాదు.

అత్తగార్లకు ఒక మనవి. చాలా ఇళ్ళలో కోడలు అందరికీ వడ్డించి చివర తింటుంది. గుడ్డు, మాంసం, చివరికి పప్పు కూడా అప్పటికి అయిపోతుంది. టి.బి.కి, తిండి లేమికి ఉన్న సంబంధం పెద్దది. జార్ఖండ్‌లో చేసిన ఒక పెద్ద పరిశోధన ఫలితాలు 2023లో వచ్చాయి. రోగి కుటుంబాలకు నెలనెలా అదనంగా ఆహార దినుసులు ఇస్తే ఆ కుటుంబంలోని మిగతావారికి టి.బి. రావడం సుమారు 40 శాతం తగ్గింది. మొదటి రెండు నెలల్లో బరువు పెరిగిన రోగుల్లో మరణాలు కూడా తక్కువ. కనుక కోడలి కంచం వేరు చేయడం వల్ల మీ మనవలకు లాభం లేదు. ఆ కంచం అందరితోపాటు పెట్టి నింపితే లాభముంది. రోగి ఆహారం కోసం ప్రభుత్వం 2018 నుంచి నెలకు 500 రూపాయలు బ్యాంకు ఖాతాలో వేసింది, 2024 నవంబరు నుంచి అది 1000 రూపాయలు చేసింది. అది గుడ్లకు, పాలకు, పప్పుకు. ఇంటి అప్పులోకి సర్దవద్దు.

ఇక మన సంఘాల సంగతి. ప్రార్థన అవసరతలు చెప్పేటప్పుడు ఫలానా వారి అమ్మాయికి టి.బి. అని మైకులో చెప్పేస్తారు. ప్రేమతోనే చెప్తారు. మర్నాటికి ఊరంతా తెలుస్తుంది, ఆ అమ్మాయి వచ్చే ఆదివారం గుడికి రాదు. జబ్బు పేరు చెప్పకపోయినా దేవునికి తెలుసు. ఆ కుటుంబాన్ని అడిగి, వారు చెప్పమన్నంతే చెప్పండి. కొన్ని సంఘాల్లో ప్రభురాత్రి భోజనం ఒకే పాత్రలో ఇస్తారు. టి.బి. రోగి త్రాగిన పాత్ర నుంచి త్రాగితే వస్తుందని లేచిపోనక్కరలేదు. రాదు. మొదటి రెండు వారాలు రోగి గుంపులోకి రాకుండా ఉంటే చాలు. ఆ రెండు ఆదివారాలు మనమే వారి వసారాలో కూర్చుని ప్రార్థన చేసి రావచ్చు.

స్వస్థత కూటములకు వెళ్ళి వచ్చి మందులు ఆపేసినవారిని కూడా మేము చూస్తున్నాము. మేమూ ప్రార్థిస్తాము, మందు ఇచ్చే ముందే ప్రార్థిస్తాము. అయితే ఆరు నెలల వైద్యంలో మొదటి రెండు నెలలు నాలుగు రకాల మందులు, తరువాత నాలుగు నెలలు మూడు రకాలు ఉంటాయి. నెల, రెండు నెలలకే దగ్గు, జ్వరం పోతాయి. క్రిములు పూర్తిగా పోవు. అప్పుడు మానేస్తే మిగిలిన క్రిములు మందులకు లొంగకుండా తయారవుతాయి. ఆ రకం టి.బి.ని నయం చేయడం ఇంకా కష్టం, ఇంట్లోవారికి అంటేది కూడా ఆ రకమే. "విశ్వాసం ఉంటే మందు ఎందుకు?" అని పక్కింటివారు అన్నప్పుడు, ఆ మాట అన్నవారు ఆరు నెలల తరువాత మీ పక్కన ఉండరని గుర్తుపెట్టుకోండి.

దాచిపెట్టడం వల్ల కూడా ఇలాగే అవుతుంది. పెళ్ళి కుదిరిన పిల్లకు జబ్బు తేలితే చెప్పవద్దని పెద్దవాళ్ళు ఒట్టు వేయిస్తారు. ఆ పిల్ల అత్తవారింట్లో చీరల అడుగున మాత్రలు దాచుకుంటుంది, ఎవరైనా ఉంటే వేసుకోదు. రిఫాంపిసిన్ వల్ల మూత్రం నారింజ రంగులో వస్తుంది, దానికి కూడా భయపడుతూ ఉంటుంది. టి.బి. పూర్తిగా నయమయ్యే జబ్బు. వైద్యం పూర్తిచేసినవారు పెళ్ళి చేసుకోవచ్చు, పిల్లలను కనవచ్చు. కనుక అబ్బాయికి, అతని తల్లిదండ్రులకు నిజం చెప్పండి. పిల్ల ఒప్పుకుంటే వారిని మా దగ్గరకు తీసుకురండి, డాక్టరుగారు కూర్చోబెట్టి చెప్తారు. విని వెనక్కి వెళ్ళిపోయే సంబంధమైతే, మా అభిప్రాయంలో అది ముందే తెలియడం మేలు.

మందులు మొదలుపెట్టాక కళ్ళు పచ్చబడినా, వాంతులు ఆగకపోయినా, ఆకలి పూర్తిగా పోయినా, చూపు మసకబారినా తరువాతి తారీకు వరకు ఆగకుండా వెంటనే రండి. కాళ్ళు తిమ్మిరెక్కినా చెప్పండి, దానికి విటమిను మాత్ర ఉంది. ఇంట్లో ఉన్నవారందరూ, ముఖ్యంగా ఐదేళ్ళలోపు పిల్లలు, పరీక్ష చేయించుకోవాలి. జబ్బు లేదని తేలితే, అవసరమైనవారికి రాకుండా ఆపే మందు కూడా ఇస్తారు. టి.బి. మందులు ఉచితమే.

భర్తలు కూడా రండి. భార్యను టి.బి. గది ముందు బెంచీ మీద కూర్చోబెట్టి, గేటు బయట టీ కొట్టు దగ్గర నిలబడేవారిని మేము రోజూ చూస్తున్నాము. ఆమె పేరు పిలిచినప్పుడు మీరూ లోపలికి రండి. అక్కడ రెండు కుర్చీలున్నాయి.