తన గొంతే తన అదృష్టం!

తెర మీద కథానాయిక పెదవులు కదుపుతుంటే వెనక నుంచి ఇంకొకరు పాడటం మనకి కొత్తేం కాదు కదా! స్పెయిన్ తార సారా మోంటియెల్ కథ మాత్రం వేరు.

1928లో కాంపో దె క్రిప్తానా అనే గాలిమరల ఊళ్ళో పుట్టిన సారా, మెక్సికో, హాలీవుడ్ చిత్రాల్లో నటించింది. 1954లో 'వెరా క్రూజ్'లో గారీ కూపర్‌తో కలిసి కనిపించింది. తర్వాత దర్శకుడు హువాన్ దె ఓర్దూన్యా తీసిన 'ఎల్ ఉల్తిమో కుప్లే'లో నాయిక అయింది. కుప్లే అంటే నాటకశాలల్లో కొంటెగానో, దిగులుగానో పాడే చిన్న పాట.

చేతిలో డబ్బు తక్కువ. వేరే గాయనిని పెట్టుకునే స్తోమత లేకపోయిందట! సారాయే పాడేసింది. ఆమెది సన్నని గొంతు కాదండీ, మంద్రస్వరం. చెవిలో రహస్యం చెబుతున్నట్టు నెమ్మదిగా పాడింది.

డబ్బు అవసరం కొద్దీ దర్శకుడు సినిమా హక్కులు ముందే అమ్మేసుకున్నాడు. 1957 మేలో విడుదలైన ఆ చిత్రం మాడ్రిడ్‌లో దాదాపు ఏడాది ఆడింది! లాభం కొన్నవాళ్ళకి, పేరు సారాకి.

కథలో మరియా లుహాన్ గాయనిగా పైకొచ్చి, అన్నీ పోగొట్టుకుని, మళ్ళీ వేదికెక్కి చివరి పాట పాడి కన్నుమూస్తుంది. సారా మాత్రం 1958లో 'లా వియోలెతెరా'లో పూలమ్మే పిల్లగా మళ్ళీ మురిపించింది. 2013లో, 85వ ఏట కన్నుమూసింది.

"నా గొంతేం బావుంటుందిలే" అని వంటింటి కూనిరాగాలతోనే సరిపెట్టుకుంటున్నారా? ఈసారి పేరంటంలో పాడమంటే వెనక్కి తగ్గకండేం!