అల్లరియా? అస్వస్థతయా?

నిన్నటివరకు కుదురుగా కూర్చుండి చదువుకొనిన పిల్లవాడు నేడు చేతిలోని గ్లాసును జారవిడుచును. ముత్యములవలె వ్రాయు బాలిక అక్షరములు వంకరలు పోవును. ముఖము చిట్లించుట, భుజము లెగురవేయుట, కారణము లేకయే యేడ్చుట, చేతులు మరల మరల కడుగుకొనుట మొదలగును. ఇట్టి పిల్లలను చూచి కొందరు పెద్దలు పొగరెక్కినదని దండింతురు. మరికొందరు దిష్టి తగిలినదని, గాలి సోకినదని తాయెత్తులు కట్టింతురు. కొన్ని వారముల క్రిందట వచ్చి, ఇంటిల్లిపాదియు మరచిపోయిన గొంతునొప్పియే ఈ మార్పునకు మూలము కావచ్చునని తెలుపుటకే ఈ వ్యాసమును వ్రాయుచున్నాము.

ఈ వ్యాధి క్రొత్తది కాదు. 1686లో ఇంగ్లండు వైద్యుడు థామస్ సిడెన్‌హామ్ దీనిని వర్ణించెను. నేటికిని దీనిని సిడెన్‌హామ్ కొరియా యని పిలుతురు. 5 మొదలు 15 సంవత్సరముల వయస్సు గల పిల్లలకు, అందును బాలికలకు, ఇది యెక్కువగా వచ్చును. కాలుసేతులు తమంతట తామే కదలుచుండును. నిద్రలో ఆ కదలికలు శాంతించును. కోపము, దుఃఖము క్షణములో మారుచుండును. ఇది కీళ్లవాత జ్వరము యొక్క ఒక రూపము.

ఇది యెట్లు కలుగును? స్ట్రెప్టోకాకస్ అను సూక్ష్మక్రిమి గొంతులో చేరినప్పుడు దానిని హతమార్చుటకు శరీరము ప్రతిరక్షకములను పుట్టించును. ఆ క్రిమికిని మన శరీర కణములకును కొంత పోలిక యున్నందున, దొంగ యనుకొని ఇంటివానినే కొట్టిన కావలివానివలె, అవి మెదడులో కదలికలను అదుపుచేయు భాగమును బాధించునని శాస్త్రజ్ఞులు చెప్పుదురు. ఇట్లే గుండె కవాటములును చెడవచ్చును. కావుననే కొరియా వచ్చిన బిడ్డకు గుండె పరీక్ష తప్పనిసరి.

1998లో అమెరికా వైద్యురాలు సూసన్ స్వీడో, ఆమె సహచరులు 50 మంది పిల్లలను గూర్చి ప్రకటించిరి. గొంతువ్యాధి పిదప ఈ పిల్లలలో వెర్రి భయములు, చేసిన పనినే మరల మరల చేయుట, అసంకల్పిత చేష్టలు హఠాత్తుగా కనబడెను. దీనికి పాండాస్ అని పేరిడిరి. ఇతర కారణములను గూడ చేర్చి 2012లో పాన్స్ అను విశాలమైన పేరును ప్రతిపాదించిరి. వీని నిర్ణయము, చికిత్సలను గూర్చి వైద్యులలో నేటికిని భేదాభిప్రాయములు గలవు. గొంతునొప్పులలో అధికభాగము వేరు క్రిములవలన కలిగి తమంతట తామే తగ్గును. కన్ను చికిలించు ప్రతి పిల్లవానికిని ఈ వ్యాధి యున్నదని భయపడ నక్కరలేదు. మార్పు హఠాత్తుగా వచ్చుటయే ముఖ్యమైన గుర్తు.

ఇక మన కర్తవ్యము. బొగ్గు గనులలోను, బల్లార్పూర్ కాగితపు మిల్లులోను పనికై వచ్చి ఈ జిల్లాలో స్థిరపడిన తెలుగు కుటుంబము లనేకము. మన ఇంటిభాష తెలుగు. ఆసుపత్రిలో సాగునది మరాఠీ లేక హిందీ. బిడ్డలోని మార్పును ముందుగా గుర్తించునది తల్లియే యైనను, వైద్యుని యెదుట ఆమెకు మాట పెగలదు. కావున గొంతునొప్పి యెన్నడు వచ్చినది, ఏ మందు వాడితిమి, వ్రాత యెన్నడు చెడినది అను తేదీలను కాగితముపై వ్రాసికొని పోవలెను. పాత నోటుబుక్కును, క్రొత్త నోటుబుక్కును వెంట తీసికొనిపోవలెను. ఆ రెండు పుటలు ఏ భాషవారికైనను అర్థమగును. రక్తపరీక్షలో క్రిమి జాడ లేదన్నంతమాత్రమున వ్యాధి లేదనరాదు. కొరియా ఆలస్యముగా బయటపడును గనుక అప్పటికా జాడ చెరిగిపోయి యుండవచ్చును.

చంద్రపూర్‌లో 2015లో ప్రభుత్వ వైద్య కళాశాల నెలకొల్పబడినది. 2013లో ఆరంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమమునందు కీళ్లవాత గుండెజబ్బును గుర్తించుటయు చేరియున్నది. పాఠశాలకు వైద్యబృందము వచ్చిన దినమున బిడ్డను బడి మాన్పింపరాదు. వైద్యుడు పెన్సిలిన్ సూదిమందును మూడు లేక నాలుగు వారముల కొకసారి సంవత్సరముల తరబడి వేయించుకొనుమన్నచో, బిడ్డ ఆరోగ్యముగా నున్నదని నడుమ మానరాదు. వ్యాధి తిరుగబెట్టకుండను, గుండె చెడకుండను కాపాడునది అదియే.

ఇంటిలో బిడ్డను కొట్టరాదు, వెక్కిరింపరాదు. పొయ్యికిని, బావికిని దూరముగా నుంచవలెను. తోబుట్టువులకు ఇది జబ్బని చెప్పవలెను. ఉపాధ్యాయులతో మాటలాడి, వ్రాతకు బదులు నోటితో జవాబు చెప్పు నవకాశము నడుగవలెను. బిడ్డ అన్నపానీయములు మానినను, తనకు తాను హాని చేసికొనబోయినను, ఆయాసపడినను, మూర్ఛపోయినను తక్షణమే ఆసుపత్రికి తీసికొనిపోవలెను.

కొరియా సాధారణముగా కొన్ని నెలలలో తగ్గును. ఆ నెలలలో బిడ్డ తిన్న దెబ్బలు, పడిన నిందలు మాత్రము అంత త్వరగా మానవు. కావున చేయెత్తుటకు ముందు, ఈ మధ్య బిడ్డకు గొంతునొప్పి వచ్చెనా యని ఒక్కసారి యోచింపుడని తల్లిదండ్రులకు మా విన్నపము.