రాకెట్టు చుట్టు గాలి: అద్దె గణన యంత్రములు
సూళ్లూరుపేట మిద్దెలపై నుండి రాకెట్టును చూచు మనకు దాని చుట్టు గాలి కనబడదు. 2010 డిసెంబరు 25న శ్రీహరికోట నుండి లేచిన జి.ఎస్.ఎల్.వి. నిమిషము నిండకమునుపే అదుపు తప్పెను. ఆజ్ఞలు మోయు కనెక్టర్లు ఊడినవి. పిదప వాయుప్రవాహమును మరల గణించి, క్రయోజెనిక్ దశ అడుగు తొడుగును మార్చిరి. 2014 జనవరి 5న విజయము చేకూరెను.

ఇట్టి గణనకు గాలిని లక్షలాది గడులుగా విభజించి, గడిగడికిని ఒత్తిడి, వేగము లెక్కకట్టుదురు. వందల యంత్రములు పని పంచుకొని, సరిహద్దు గడుల అంకెలను ఇచ్చిపుచ్చుకొనును. తిరువనంతపురమున 2011లో సాగా-220 ఇట్టి పనికే నెలకొన్నది. అంత స్తోమత లేనివారు దూరమందలి యంత్రములను గంటల లెక్కన అద్దెకు గొనవచ్చును. దీనినే క్లౌడ్ అందురు. పేరు మేఘమే గాని యంత్రములు నేలమీదనే యున్నవి! మా దృష్టిలో అద్దెకన్న గడుల కూర్పు ముఖ్యము. అది తప్పినచో వేయి యంత్రములును తప్పునే చెప్పును. కనుకనే ఫలితమును గాలి సొరంగములోని నమూనాతో పోల్చి చూతురు.