బోటులో మంచినీళ్ల ట్యాంకు మార్చేటప్పుడు

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు, మన తూర్పు తీరాన మరబోట్ల వేట ఆగి ఉంటుంది గదా. ఈ రోజుల్లో బోటుకు రంగు వేస్తారు, ఇంజను విప్పి చూస్తారు, వలలు బాగుచేసుకుంటారు. మంచినీళ్ల ట్యాంకు మాత్రం ఎవరికీ గుర్తురాదు. వేటకు పోయిన ఐదో రోజున నీళ్లు ఎర్రగా వస్తేనో, అడుగు కారి ట్యాంకు వట్టిపోతేనో గుర్తొస్తుంది. అప్పటికి రేవు ఎంత దూరాన ఉంటుందో మీకు నేను చెప్పాలా?

ముందు ఎన్ని నీళ్లు కావాలో లెక్క కట్టండి. ఎనిమిది మంది, పది రోజులు, తాగడానికీ వంటకూ మనిషికి రోజుకు 5 లీటర్లు అనుకుంటే 400 లీటర్లు. బోటు ఆలస్యమయితే ఎట్లా? అందుకని 500 పెట్టుకోండి. అదీ ఒకే ట్యాంకు కాకుండా 250 లీటర్లవి రెండు. ఒకటి చెడినా రెండోది ఒడ్డు చేరుస్తుంది.

ఇక దేనితో చేసినది కొనాలి? జస్తుపూత రేకు చౌకే. పూత పోయిన చోట తుప్పు లోపలి నుంచి తినేస్తుంది. పైన మాటు వేయించి ఈ ఏడు గడిపేద్దామనుకోవద్దు. అల్యూమినియం తేలిక, కాని దానికి ఇత్తడి కుళాయి బిగిస్తే ఆ చోటనే గుంటలు పడుతుంది. స్టెయిన్‌లెస్ స్టీలు మంచిదే. అయితే ఉప్పుగాలికి 304 రకం కంటే 316 రకం ఎక్కువగా తట్టుకుంటుంది, ధరా ఎక్కువే. దానికయినా చేటు సాధారణంగా వెల్డింగు అతుకుల దగ్గరే మొదలవుతుంది. కొనేటప్పుడు రేకు మందం ఒక్కటే కాదు, అతుకులూ చూడండి.

అతుకే లేనిది పాలిథిన్ ట్యాంకు, అంటే అచ్చులో ఒకే ముక్కగా పోసిన ప్లాస్టిక్కుది. మామూలు మరబోటుకు నా సలహా అదే. తాగునీటికి తగినదని రాసి ఉన్నదే తీసుకోండి. వెలుతురు చొరని నల్లదయితే పాచి పట్టదు. పురుగుమందు డబ్బా, నూనె పీపా ఎన్నిసార్లు కడిగినా పనికిరావు.

దీనికీ లోపాలున్నాయి. పగిలితే జిగురు అంటదు. డీజిలు వాసన ప్లాస్టిక్కు గుండా లోపలికి చేరుతుంది కనుక ఇంజను గదిలో పెట్టరాదు. నీళ్లు నిండితే పక్కలు ఉబ్బుతాయి, కాస్త చోటు వదలండి. అడుగంతా పలక మీద ఆనాలి. రెండు దుంగల మీద నిలబెడితే అలల కుదుపుకు చీలుతుంది. చుట్టూ పట్టీలతో బిగించండి. డాబా మీది ఎత్తయిన ట్యాంకు తెచ్చి క్యాబిను పైన మాత్రం పెట్టకండి. 500 లీటర్లంటే అర టన్ను బరువు, అది పైన ఉంటే బోటు ఒరుగుతుంది.

కొత్త ట్యాంకును వాడేముందు, 250 లీటర్లకు 50 గ్రాముల బ్లీచింగు పొడి చొప్పున బకెట్టు నీళ్లలో కలిపి, పైతేట పోసి, ట్యాంకు నిండా నీళ్లు పట్టి రాత్రంతా ఉంచండి. ఆ నీళ్లు తాగేవి కావు. పొద్దున్నే కుళాయి గుండానే వదిలేసి, వాసన పోయేవరకూ కడగండి.