‘జంతుసోదరులు’ రాసిన ఖైదీ



“అత్తా ఒకింటి కోడలే” అని మనలో సామెత ఉంది. మాట బాగానే ఉంది గాని, దాన్ని ఎవరు గుర్తుపెట్టుకుంటారు చెప్పండి? కోడలిగా ఉన్నన్నాళ్ళూ వంటింటి మూల కళ్ళు తుడుచుకున్న మనిషే, బీరువా తాళాలు తన బొడ్డులోకి రాగానే కొత్తగా వచ్చిన పిల్లకి అవే మాటలు, అవే ఎత్తిపొడుపులు వడ్డిస్తుంది. “మేం పడలేదూ? నువ్వూ పడు” అంటుంది. కష్టాలు పడితే మనసు మెత్తబడుతుందని పెద్దలంటారు. నేను చూసినంతలో మెత్తబడిన మనసుల కన్న బండబారిన మనసులే ఎక్కువ.

అందుకే ఇవాళ మీకొక మనిషి కథ చెప్పాలనుకున్నాను. ఆయన మన దేశం వాడు కాదు. జర్మనీలో పుట్టాడు. రచయిత, కవి. పేరు ఎడ్గార్ కుప్ఫర్ కోబెర్విట్జ్. పలకడానికి కొంచెం నోరు తిరగదు, నిజమే. దాదాపు నాలుగున్నరేళ్ళు హిట్లర్ నిర్బంధ శిబిరాల్లో మగ్గి, తోటి ఖైదీలు రోజుకింతమంది చచ్చిపోతూంటే, జ్వరపు మంచం మీద పడుకుని ఆయన రాసింది దేని గురించో తెలుసా? జంతువుల గురించి. వాటిని మనం ఎందుకు హింసించకూడదో, తాను వాటి మాంసం ఎందుకు ముట్టడో చెబుతూ స్నేహితుడికి ఉత్తరాలు రాశాడు.

ముందు ఆ పేరు సంగతి. ఆయన 1906 ఏప్రిల్ 24న బ్రెస్లా నగరం దగ్గర కోబెర్విట్జ్ అనే ఊళ్ళో పుట్టాడు. యుద్ధం తరువాత సరిహద్దులు మారి ఆ ప్రాంతం పోలండులో కలిసింది. అసలు ఇంటిపేరు కుప్ఫర్. దాని పక్కన తన ఊరి పేరు కూడా తగిలించుకున్నాడు. మన ఇంటిపేర్లలో ఊళ్ళ పేర్లు లేవూ, అలాగన్నమాట. ఇంకో చిత్రం, ఎరువుల మందుల జోలికి పోకుండా నేలని ప్రాణమున్న దానిగా చూసి వ్యవసాయం చెయ్యాలని రుడాల్ఫ్ స్టైనర్ అనే ఆయన 1924లో ఉపన్యాసాలు ఇచ్చింది ఆ కోబెర్విట్జ్ లోనే.

1933లో హిట్లర్ గద్దెనెక్కాడు. ఆ మరుసటి ఏడే మన కవి దేశం విడిచి పారిస్ చేరాడు. అక్కడ మగ్గం నేసి బతికాడు. కవిత్వం ఏ దేశంలోనూ కూడు పెట్టదు కదా! తరువాత ఇటలీలో నేపుల్స్ నగరానికి ఎదురుగా సముద్రంలో ఉన్న ఇస్కియా అనే దీవికి వెళ్ళి, యాత్రికుల పనులు చూసుకుంటూ కాలక్షేపం చేశాడు. అక్కడా ఊరుకోలేక నాజీ ప్రభుత్వాన్ని తప్పుపడుతూ ఏవో మాటలన్నాడు. ఎవరో ఆ మాటలు పైకి చేరవేశారు. అప్పటికి ఇటలీని ఏలుతున్న ముస్సోలినీ హిట్లర్‌కి జోడీయే. 1940లో ఆయన్ని దేశం నుంచి గెంటి జర్మన్ రహస్య పోలీసులకి అప్పగించేశారు. నవంబరులో డాకౌ శిబిరంలో పడేశారు.

డాకౌ అంటే ఏమిటో కొంచెం చెప్పాలి. మ్యూనిక్ నగరం దగ్గర 1933 మార్చిలో తెరిచిన శిబిరం అది. తరువాత వెలసిన శిబిరాలకి అదే నమూనా. విచారణ లేదు, శిక్షకి గడువు లేదు. మనిషికి పేరు తీసేసి ఒక అంకె ఇచ్చేవారు. పన్నెండేళ్ళలో 2 లక్షల మందికి పైగా అక్కడికీ, దాని ఉపశిబిరాలకీ వచ్చిపడ్డారు. వాళ్ళలో 41,500 మంది దాకా చనిపోయారు. ఆకలి, చలి, చాకిరీ, దెబ్బలు, రోగాలు. చివరి చలికాలంలో పేలవల్ల వచ్చే టైఫస్ జ్వరం ఇళ్ళకిళ్ళనే ఊడ్చేసింది. మధ్యలో 1941లో ఆయన్ని హాంబర్గ్ దగ్గర నోయెన్‌గామె అనే మరో శిబిరానికి పంపితే, అక్కడ చావు అంచు దాకా పోయి తిరిగి డాకౌకే వచ్చాడు.

1942 నవంబరులో ఆయనకి కొంచెం ఊపిరాడే పని దొరికింది. శిబిరంలో స్క్రూలు తయారుచేసే ఫ్యాక్టరీ ఉండేది. దాని ఆఫీసులో గుమాస్తాగా వేశారు. చేతికి పెన్సిలు, కాగితం అందాయి. ఇంకేం, దొంగతనంగా రోజూ డైరీ రాయడం మొదలుపెట్టాడు. పట్టుబడితే ప్రాణం దక్కదు. అయినా 1945 మే నెల మొదటి రోజుల దాకా రాస్తూనే ఉన్నాడు. సుమారు 1,800 పేజీలు! మనం పాలవాడి పద్దే నెలాఖరు దాకా సరిగ్గా రాయం. రాసినవాటిని మూటకట్టి, పనిచేసే చోటే పాతిపెట్టాడు. 1945 ఏప్రిల్ 29న అమెరికా సైన్యం వచ్చి డాకౌని విడిపించాక వాటిని తవ్వి తీశారు.

ఈ డైరీ వల్లే ఆయన చరిత్రకి ఎక్కాడు. కాని నన్ను పట్టి ఆపింది మాత్రం ఆ రెండో రాత. శిబిరంలో రోగుల బరాకు ఒకటుంది. ఆస్పత్రి అనే పేరే గాని అక్కడికి వెళ్ళినవాళ్ళు తిరిగి రావడం దేవుడెరుగు. జబ్బుపడి అందులో ఉన్నప్పుడు, పక్క మంచాల మీద మనుషులు పోతూంటే, ఎవరి కంటా పడకుండా ఆ ఉత్తరాలు గీకాడు. 1947లో అవి జర్మన్ భాషలో చిన్న పుస్తకంగా వచ్చాయి. పేరు ‘జంతుసోదరులు’ అని చెప్పుకోవచ్చు.

“మనుషులు చస్తూంటే కోళ్ళ గురించీ దూడల గురించీ ఏడుపేమిటమ్మా?” అని మీరడగవచ్చు. అడగవలసిన మాటే. ఆయన చెప్పినదాని సారం నా మాటల్లో చెబుతాను. నేను ఇంత బాధ పడ్డాను కాబట్టి ఇంకొకరి బాధ నాకు తెలుస్తుంది. నన్ను ఎవరూ తరమకుండా ఉంటే నాకు సుఖం. మరి నేనెందుకు ఇంకొక ప్రాణిని తరమాలి? నన్ను బంధించకపోతే నాకు ఆనందం. మరి నేనెందుకు బంధించాలి? నాకన్న బలవంతుడు నన్ను తొక్కితే అన్యాయమంటున్నానే, నాకన్న బలహీనమైనదాన్ని నేను తొక్కితే అదేమిటి? ఇదండీ ఆయన వరస. ఇంకొక అడుగు ముందుకి వేసి, మనిషి చిన్న ప్రాణుల మీద చంపడం అలవాటు చేసుకున్నంత కాలం మనుషుల్ని చంపడమూ, యుద్ధాలూ ఆగవు, ఎందుకంటే చెయ్యి తిరిగేది అక్కడే, మనసు మొద్దుబారేదీ అక్కడే అన్నాడు. ఈ చివరి మాటతో నేను పూర్తిగా ఏకీభవించలేను. మాంసం ముట్టకుండానే సాటి మనిషిని హింసపెట్టే మహానుభావుల్ని మనం చూడనిదా?

ఆ మాటకొస్తే హిట్లర్ ప్రభుత్వమే జంతువుల మీద ఎక్కడ లేని ప్రేమ ఒలకబోసింది. 1933 నవంబరులో జంతు సంరక్షణకి పెద్ద చట్టం చేసింది. అంతకు ముందు ఏప్రిల్‌లో చేసిన చట్టంతో, యూదులు తమ మతాచారం ప్రకారం పశువుని కోసే పద్ధతిని నిషేధించింది. దాంట్లో పశువు మీద దయ ఎంతో, యూదుల మీద కక్ష ఎంతో వేరే చెప్పాలా? డాకౌ శిబిరంలోనే అంగోరా కుందేళ్ళని పెంచేవారు, విమానం నడిపే వాళ్ళ కోట్లకి వెచ్చని ఉన్ని కోసం. కుందేళ్ళకి శుభ్రమైన గూళ్ళు, వేళకి మేత. వాటికి చాకిరీ చేసే ఖైదీలకి నీళ్ళచారు. బుఖెన్‌వాల్డ్ అనే ఇంకో శిబిరంలో కావలి సైనికులూ వాళ్ళ కుటుంబాలూ సరదాపడడానికి ముళ్ళకంచెకి ఆనుకునే ఒక జంతుప్రదర్శనశాల కట్టారు. అందులో ఎలుగుబంట్లు ఉండేవి. కంచెకి ఇవతల ఎలుగుకి తిండి, అవతల మనిషికి ఆకలి.

ఇలాంటి చోట, ఆ కుందేళ్ళని చూసి ఒక ఖైదీకి కడుపు మండినా మనం తప్పుపట్టలేం. కుప్ఫర్‌కి మాత్రం తనకీ కుందేలుకీ తేడా కనిపించలేదు. రెండూ ఒకరి చేతిలో ఉన్న ప్రాణాలే. ఆయన జంతుప్రేమకీ వాళ్ళ జంతుప్రేమకీ మధ్య నాకు కనిపించే దూరం ఇదే. వాళ్ళు తమకి ముద్దొచ్చినదాన్ని, పనికొచ్చినదాన్ని సాకారు. ఈయన దిక్కులేనిదాని పక్కన నిలబడ్డాడు.

నేను జలంత్రకోట వైపు మనిషిని. పలాస, టెక్కలి, ఉద్దానం అంటే జీడితోటలూ, కొబ్బరితోటలూ, వాటి వెనక సముద్రం. మా తీరాన చేపల పులుసు కాగని ఇల్లు తక్కువ. కాబట్టి రేపట్నించి చేప మానెయ్యండని మీకు చెప్పడానికి నేను రాలేదు. ఆయన కూడా నీతులు చెప్పబోవడం లేదని తన స్నేహితుడికి రాశాడు. కాని ఆయన చెప్పిన దానికి దగ్గరగా ఉండే సంగతి మా వైపే ఒకటుంది. టెక్కలి దగ్గర తేలినీలాపురంలో ఏటా చలికాలం ముందు గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు వచ్చి చింతచెట్ల మీద గూళ్ళు కడతాయి. నౌపడ చిత్తడి నేలల్లో చేపలు పట్టి పిల్లల్ని పెంచుకుని ఎండలు ముదిరే వేళకి వెళ్ళిపోతాయి. సైబీరియా నుంచి వస్తాయని అందరూ అంటారు గాని, ఈ రెండు జాతులూ మన దక్షిణాసియాలోనే తిరుగుతూ ఉండేవని పక్షిశాస్త్రం తెలిసినవాళ్ళు చెబుతారు. ఎక్కణ్ణించి వస్తేనేం, ఆ ఊరివాళ్ళు వాటిని పురిటికి పుట్టింటికొచ్చిన ఆడపిల్లల్లా చూస్తారు. రెట్టల కంపు, పగలూ రాత్రీ గోల, అన్నీ ఓర్చుకుంటారు. ‘పురిటికొచ్చింది’ అన్న ఒక్క మాటతో ఆ పక్షి వాళ్ళకి బంధువైపోయింది. కుప్ఫర్ ‘సోదరులు’ అన్నది ఇలాంటి మాటే కదూ?

అన్నీ ఇంత తియ్యగానూ ఉండవు లెండి. మా ఉద్దానం తోటల్లోకి ఎలుగుబంట్లు వస్తాయి, జీడిపళ్ళకీ పనసపళ్ళకీ. 2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలం కిడిసింగిలో ఎలుగు దాడి చేసి ఒక మనిషి ప్రాణం తీసింది. ఇంకొందరికి గాయాలయ్యాయి. తరువాత పట్టుకున్న ఆ ఎలుగూ బతకలేదు. తెల్లవారుజామున తోటకి వెళ్ళవలసిన ఆడమనిషితో ‘ఎలుగు నీ సోదరుడమ్మా’ అంటే ఏమంటుంది? ఆమె భయం నిజం. ఇక్కడ కావలసింది కవిత్వం కన్న ముందు అటవీశాఖ వాళ్ళ కాపలా, దారిలో దీపం. కుప్ఫర్ వాదం నాకు సరిగ్గా అతికేది మనని ఏమీ చెయ్యలేని ప్రాణుల దగ్గర. సంతరోజున చూడండి, కోళ్ళని కాళ్ళు కట్టి సైకిలు హేండిలుకి తలకిందులుగా వేలాడదీసి మైళ్ళకి మైళ్ళు తీసుకుపోతారు. తినేది ఎలాగూ తింటారు, అంతసేపు ఆ చిత్రహింస ఎందుకు? అలా బాధపెట్టి మోసుకుపోవడం మన దేశంలో నేరమే సుమండీ. 1960 నాటి జంతుహింస నివారణ చట్టంలో ఉంది. దానికోసం రాజ్యసభలో పట్టుబట్టింది ఒక స్త్రీ, భరతనాట్యానికి కొత్త గౌరవం తెచ్చిన రుక్మిణీదేవి అరండేల్.

విడుదలయ్యాక కుప్ఫర్ జీవితం పూలపాన్పేమీ కాలేదు. డాకౌలో రాసిన కవితలు ‘రోజుల గొలుసు’ అనే పేరుతో వచ్చాయి. శిబిరం అనుభవాలు ‘బలవంతులు, నిస్సహాయులు’ అనే అర్థం వచ్చే పేరుతో 1957లో ఒక భాగం, 1960లో ఇంకో భాగం అచ్చయ్యాయి. పేరు చూశారా? ఇటు ఖైదీలకీ, అటు జంతువులకీ ఒకే మాట సరిపోతుంది. 1950లలో అమెరికా వెళ్ళి చికాగోలో కొన్నాళ్ళున్నాడు. తరువాత ఇటలీలో సార్డీనియా దీవి చేరాడు. యుద్ధానికి ముందు దీవిలోంచి పట్టుకుపోయారు, ముసలితనంలో మళ్ళీ ఒక దీవినే వెతుక్కున్నాడు. చివరికి జర్మనీకి తిరిగి వచ్చి, 1991 జూలై 7న, ఎనభై అయిదేళ్ళ వయసులో కన్నుమూశాడు.

ఆయన డైరీ పుస్తకంగా వెలువడింది ఆయన పోయిన ఆరేళ్ళకి, 1997లో. నేలలో పాతిపెట్టి తవ్వి తీసిన అసలు కాగితాలు చికాగో విశ్వవిద్యాలయం గ్రంథాలయంలో భద్రంగా ఉన్నాయి.