మీకు తెలుసా? ఐదో ముక్కకు ధర కట్టేది నాలుగో ముక్క దగ్గరే

పొదిలిలో పేకాట అనగానే రమ్మీ, మూడు ముక్కలు, లోనా బయటా గుర్తొస్తాయి. పోకర్ చాలామందికి ఫోన్‌లోనే పరిచయం. హోల్డెమ్ పోకర్‌లో ఒక్కొక్కరి చేతిలో రెండు ముక్కలుంటాయి, బల్ల మీద అందరికీ ఉమ్మడిగా ఐదు. మొదట మూడు ఒకేసారి తెరుస్తారు. నాలుగోది టర్న్, ఐదోది రివర్. టర్న్ పడ్డాక పందెం కట్టాలా, చెక్ అని ఊరుకోవాలా? చాలామంది దీన్ని గుండెధైర్యానికి వదిలేస్తారు. నిజానికి ఇది కూడికలు, భాగహారాల పని.

మీ చేతిలో ఇస్పేటు ఆసు, ఇస్పేటు రాజు ఉన్నాయనుకోండి. బల్ల మీద డైమండ్ రాజు, కళావరు తొమ్మిది, కళావరు నాలుగు, ఆఠీను రెండు. రాజుల జత మీది. ఎదుటివాడి చేతిలో కళావరు ఏడు, ఎనిమిది. ఇంకొక్క కళావరు పడితే అతనికి ఫ్లష్ (ఒకే రంగు ముక్కలు ఐదు), ఆట అతనిదే. అతనికి కనబడనివి 46 ముక్కలు, వాటిలో కళావర్లు 9. అంటే అవకాశం 20 శాతానికి కాస్త తక్కువ.

పాట్‌లో, అంటే బల్ల మీద పోగైన పందెంలో, 100 ఉంది. మీరు చెక్ అంటే, అతనూ చెక్ అని ఐదో ముక్కను ఉచితంగా చూస్తాడు. 25 కడితే, మొత్తం 150 కోసం అతను 25 పెడతాడు. గెలుపు అవకాశం 17 శాతం ఉన్నా చాలు, అతనికి గిట్టుబాటే. 50 కడితే మాత్రం 200 కోసం 50 పెట్టాలి, 25 శాతం కావాలి. అంత అవకాశం అతనికి లేదు. పొదిలి పొగాకు వేలం కేంద్రంలో బేలుకు ధర పలికినట్టే, టర్న్ మీద పందెం కట్టేవాడు రాబోయే ముక్కకు ధర పలుకుతున్నాడు. అయితే రివర్‌లో కళావరు పడ్డాక కూడా మీరు అతనికి ఇంకా డబ్బు ఇచ్చేట్టయితే లెక్క మళ్లీ అతని వైపు మొగ్గుతుంది. అందుకే ధర సగం పాట్ కన్నా కాస్త ఎక్కువే ఉండటం మేలు.

మరి చెక్ ఎప్పుడు? చేయి మధ్యస్థంగా ఉన్నప్పుడు. రాజులకు బదులు తొమ్మిదుల జత మాత్రమే ఉంటే, పందెం చూసి చిన్న చేతులు పారిపోతాయి, పెద్ద చేతులే నిలుస్తాయి. అప్పుడు పాట్‌ను చిన్నగా ఉంచుకోవడమే తెలివి. మంచి చేతితోనూ అప్పుడప్పుడూ చెక్ అనాలి, లేకపోతే మీ చెక్‌కు అర్థం బలహీనతేనని ఎదుటివాడు పసిగట్టేస్తాడు. 2017లో పిట్స్‌బర్గ్‌లో 20 రోజులపాటు 1,20,000 చేతులు ఆడి నలుగురు వృత్తి ఆటగాళ్లను ఓడించిన లిబ్రాటస్ అనే ప్రోగ్రామ్ కూడా ఇలాగే చేసింది. ఒకే రకం చేతితో ఒకసారి చెక్, ఇంకోసారి పందెం. ఒక్కోసారి పాట్‌ను మించిన పందెం కూడా.

పేకాటలో నేర్పుందా, అదృష్టమేనా అన్న వాదం మన సికింద్రాబాద్ నుంచే సుప్రీంకోర్టుకు వెళ్లింది. క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్ కేసులో 1967 నవంబరులో తీర్పు వచ్చింది. ఏ ముక్కలు పడ్డాయో గుర్తుంచుకోవాలి కాబట్టి రమ్మీలో నేర్పే ప్రధానమని, మూడు ముక్కలాట కేవలం అదృష్టమని కోర్టు చెప్పింది. ఇప్పుడా తేడాతో ఆన్‌లైన్ డబ్బాటకు రక్షణ లేదు. ఆంధ్రప్రదేశ్ 2020 సెప్టెంబరులో ఆర్డినెన్స్ తెచ్చి ఆన్‌లైన్ డబ్బాటలను నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం నేర్పైనా, అదృష్టమైనా ఒకే గాటన కట్టింది. ఇది మంచిదేనని నా నమ్మకం. ఏడాది కష్టం చేసి అమ్ముకున్న మిర్చి డబ్బు ఒక్క రాత్రిలో ఫోన్‌లో పోకూడదు.

లెక్క నేర్చుకోవడానికి డబ్బు అక్కర్లేదు, చింతపిక్కలు చాలు. పైన చెప్పిన కళావరు ఏడు, ఎనిమిది, బల్ల మీది నాలుగు ముక్కలు పక్కన పెట్టి, మిగిలిన 46 ముక్కలు కలపండి. ఒక్కొక్కటే తీయండి. ప్రతి ముక్కకూ కాల్ చేసేవాడు, అంటే మీ పందేనికి సమంగా కట్టేవాడు, 50 పిక్కలు పెట్టాలి. కళావరు పడితే అతనికి 150 లాభం, పడకపోతే ఆ 50 మీవి. కట్ట అయిపోయేసరికి అతను సరిగ్గా 500 పిక్కలు పోగొట్టుకుని ఉంటాడు.